పేపర్లో సమస్య, షెడ్డులో వ్యాపారం



ఈసారి గూళ్ల ధరల గురించి రాయడం లేదు. అవి మీకు రామనగర, శిడ్లఘట్ట, హిందూపురం మార్కెట్ల నుంచి గంట గంటకూ అందుతూనే ఉంటాయి. మన గ్రూపుల్లో రోజూ వచ్చే ఇంకో సరుకు ఉంది. దాన్ని ఎవరూ సరుకుగా చూడరు. అదే మన గోడు.

"చాకీ పురుగు అంత దూరం నుంచి తెచ్చుకుంటే దారిలోనే వాడిపోయిందన్నా." "నాలుగో జ్వరం లేచినాక కొమ్మ కోసేదానికి కూలోళ్లు దొరకలేదప్పా." "షెడ్డు కడిగేవాళ్లు లేక పాత పంట రోగమే మళ్లా తగులుకుంది." ఇట్లాంటివి చదివి అయ్యో అనుకుంటాం, దండం బొమ్మ ఒకటి పెడతాం, ఫోను జేబులో వేసుకుంటాం. జిల్లా పేజీలో వచ్చే వార్తలనూ అంతే. ఫలానా చెరువుకు నీళ్లొచ్చాయి, ఫలానా ఊరోళ్లు కంపు భరించలేక రోడ్డెక్కారు అని చదివి పేజీ తిప్పేస్తాం.

అయితే ఆ గోడులో కొన్నిటి వెనక బతుకుతెరువు ఉంటుంది. అన్నిటి వెనకా ఉండదు. ఏది వట్టి గోడు, ఏది వ్యాపారమయ్యే గోడు అని తేడా పట్టడం ఎట్లా అన్నదే ఈ వారం సంగతి. పంట ఒక్కదాని మీదే ఇల్లు నడుస్తున్నప్పుడు, ఒక్క బ్యాచ్ పాలరోగంతో పోతే మూడు నెలలు అప్పుతో గడపాలి. పక్కన ఇంకో చిన్న ఆదాయం ఉంటే ఆ దెబ్బ సగమవుతుంది. పట్నం పోతామంటున్న పిల్లలకు ఊళ్లోనే ఒక పని చూపించగలిగితే అది వేరే లాభం.

*మడివాళలో బస్సు టికెట్టు*

సెంట్రల్ సిల్క్ బోర్డు ఆఫీసు మీలో చాలామంది చూసే ఉంటారు. హోసూరు రోడ్డు మీద, మడివాళ పక్కన. 1948 చట్టంతో పుట్టిన బోర్డు అది. మనకు అది గుడ్లు, సబ్సిడీ, పరిశోధన. బెంగళూరు జనానికి మాత్రం సిల్క్ బోర్డు అంటే ట్రాఫిక్ జామ్! మన పరిశ్రమ పేరు ఊరంతా తలుచుకుంటారు, తిట్టుకుంటూనే అనుకోండి. 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను ఆ దారిన మొదలయ్యాక కొంత ఊపిరి పీల్చుకుంటున్నారు.

ఆ పక్కనే మడివాళలో ఆంధ్ర, తెలంగాణ వైపు పోయే ప్రైవేటు బస్సులు ఆగుతాయి. పండగ ముందు రోజుల్లో అక్కడ నిలబడి టికెట్టు కోసం తిరగని తెలుగువాడు అప్పట్లో బెంగళూరులో లేడంటే నమ్మొచ్చు. 2005 దీపావళికి నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ అనే ఇంజనీరుకూ అదే అనుభవం అయింది. బిట్స్ పిలానీలో చదివి, ఇక్కడ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఏజెంటు దగ్గర లేదంటే ఇంకో ఏజెంటు, అక్కడా లేదంటే మరొకరు. అంతా తిరిగినా టికెట్టు దొరకలేదు, పండక్కి ఇంటికి పోలేకపోయాడు.

ఇక్కడిదాకా ఇది వేలమంది కథే. తేడా ఆ తర్వాత వచ్చింది. ఏజెంటును తిట్టుకుని ఊరుకోకుండా, అసలు ఈ వ్యవహారం ఎట్లా నడుస్తుందో కనుక్కునే పనిలో పడ్డాడు. కనుక్కుంటే తేలిందేమిటి? ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఏజెంటుకు తెలియదు. అతను ఒక్కో బస్సు యజమానికి ఫోను చేసి అడగాలి. ఫోను కలవకపోతే "లేదు" అనేస్తాడు. ఒక పక్క సీట్లు ఖాళీగా పోతుంటాయి, ఇంకో పక్క జనం టికెట్టు లేక తిరుగుతుంటారు. బస్సుల కొరత సంగతి ఎట్లున్నా, మధ్యలో కబురు అందకపోవడమే పెద్ద జబ్బు.

సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు అనే ఇద్దరు స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టాడు. మొదట బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇవ్వబోతే వాళ్లు తీసుకోలేదు. మా పుస్తకం మాకుంది, మా ఫోను మాకుంది అన్నారు. అప్పుడు దారి మార్చి, సీట్లు మాకివ్వండి మేము అమ్మిపెడతాం అని అడిగారు. అది పట్టుకుంది. 2013లో ఆ సంస్థను ఐబిబో గ్రూపు కొనుక్కుంది. ఫణీంద్ర తర్వాత కొంతకాలం తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసరుగా కూడా పనిచేశాడు.

ఈ కథ చెప్పింది మిమ్మల్ని కంప్యూటర్ కంపెనీలు పెట్టమని కాదు. ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ ఇబ్బంది అందరికీ తెలిసిందే, ప్రతి పండక్కీ వచ్చేదే, దాని కోసం జనం అప్పటికే డబ్బు ఖర్చుపెడుతున్నారు. ఏజెంటుకు కమిషను, ఆటోకు ఛార్జీ, రెట్టింపు రేటు టికెట్టు, అన్నీ కడుతున్నారు. కొత్తగా ఎవరి చేతా డబ్బు తీయించాల్సిన పనిలేదు. వంకరగా పోతున్న డబ్బును సూటిగా పంపితే చాలు.

అదే 2005లో బెంగళూరు తిప్పసంద్రలో ఇంకొకటి జరిగింది. అక్కడ కిరాణా కొట్టు నడిపే అన్నదమ్ములు, ప్లాస్టిక్ సంచుల్లో రబ్బరు బ్యాండు వేసి అమ్మే దోసె పిండి మీద ఆడవాళ్లు ఫిర్యాదు చేయడం రోజూ వింటున్నారు. పుల్లబడిందని, శుభ్రం లేదని. వాళ్ల బంధువు పి.సి. ముస్తఫాతో కలిసి మంచి పిండి రుబ్బి పాకెట్లలో అమ్మడం మొదలుపెట్టారు. అదే ఇప్పటి ఐడీ ఫ్రెష్ ఫుడ్. మొదలు 20 కొట్లకే వేశారు. రోజుకు 100 పాకెట్లు అమ్మగలిగితే చూద్దాం అనుకుంటే, ఆ వంద చేరడానికే తొమ్మిది నెలలు పట్టింది. మన పంట లెక్కన చూస్తే తొమ్మిది నెలలంటే ఎన్ని బ్యాచ్‌లో మీరే చూసుకోండి. అంత ఓపిక పట్టడానికి వాళ్లు మొదట్లో పెట్టిన డబ్బు తక్కువ కావడమే కారణమని మా అభిప్రాయం.

*మన పరిశ్రమలోనే జరిగినవి*

ఎక్కడో సాఫ్ట్‌వేర్ వాళ్ల కథలు మనకెందుకు అనుకోకండి. ఊజీ ఈగనే తీసుకోండి. కర్ణాటకలో అది 1980లో కనిపించింది. అంతకుముందు ఇక్కడి రైతుకు దాని పేరే తెలియదు. పెద్ద పురుగు మీద గుడ్డు పెడుతుంది, దాని పిల్ల పురుగును లోపలి నుంచి తినేసి గూడుకు బొక్క చేసుకుని బయటికొస్తుంది. ఆ గూడు రీలింగుకు పనికిరాదు. ఆ రోజుల్లో అదొక పెద్ద ఉపద్రవం. తర్వాత ఏమైంది? షెడ్డు కిటికీలకు, తలుపులకు నైలాను వలలు కొట్టడం మామూలైంది. ఆ వలలు అమ్మేవాళ్లు, కొలతకు కుట్టి బిగించేవాళ్లు వచ్చారు. నెసోలింక్స్ థైమస్ అనే చిన్న మేలుపురుగు ఊజీ ప్యూపాను చంపుతుందని శాస్త్రవేత్తలు తేల్చాక, దాన్ని పెంచి పౌచుల్లో పెట్టి రైతులకు అందించడం ఒక పని అయింది. ఒక ఈగ తెచ్చిన నష్టం చుట్టూ ఇన్ని బతుకుతెరువులు పుట్టాయి.

చాకీ కేంద్రాలు ఇంకా పెద్ద ఉదాహరణ. ఒకప్పుడు ప్రతి రైతూ గుడ్లు తెచ్చుకుని ఇంట్లోనే పొదిగించుకునేవాడు. మొదటి రెండు దశల పురుగుకు 27, 28 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ, లేత ఆకు కావాలి. పెద్ద పురుగుకేమో 24, 25 డిగ్రీలు, 70, 75 శాతం తేమ చాలు. ఒకే షెడ్డులో ఈ రెండూ కుదర్చడం మామూలు రైతుకు తలకు మించిన పని. "చాకీలో చెడితే పంటంతా చెడినట్టే" అన్న గోడు ఊరూరా ఉండేది. ఆ గోడే చాకీ కేంద్రాలకు మార్కెట్టు అయింది. ఇప్పుడు చాలామంది రెండో జ్వరంలో ఉన్న పురుగునే తెచ్చుకుంటున్నారు. తన షెడ్డుకు కొన్ని రోజుల పని తగ్గింది కాబట్టి రైతు డబ్బు కట్టడానికి వెనకాడడు.

*ఏ గోడును పట్టుకోవాలి*

వార్త చదవగానే మేము మొదట చూసేది, ఇది మళ్లీ మళ్లీ వస్తోందా అని. ఒక రోజు వడగళ్ల వానకు తోట పోయిందంటే అది కష్టం, దానికి చేయాల్సింది సాయం. ప్రతి ఏప్రిల్, మే నెలల్లో షెడ్డు వేడెక్కి పురుగు మేత మానేస్తోందంటే అది వేరే సంగతి. ఏడాదికి ఆరుసార్లు వచ్చే ఇబ్బందికి ఆరుసార్లు గిరాకీ ఉంటుంది.

రెండోది, ఇప్పుడు ఆ ఇబ్బందిని జనం ఎట్లా గడుపుకుంటున్నారు, దానికి ఎంత ఖర్చుపెడుతున్నారు అన్నది. ఇదే అసలైన ప్రశ్న. "ఇది ఉంటే బాగుండు" అనే మాటకు విలువ తక్కువ. "దీనికోసం ఈ నెల నేను టెంపోకు ఇంత కట్టాను" అనే మాటకు విలువ ఎక్కువ. ఎవరూ ఒక్క రూపాయి కూడా పెట్టకుండా సర్దుకుపోతున్న ఇబ్బందిలో వ్యాపారం ఉండటం అరుదు. రచ్చబండ దగ్గర "నువ్వు పెడితే నేను తప్పకుండా తీసుకుంటా మామా" అనేవాళ్లు పదిమంది ఉంటారు. అడ్వాన్సు వంద రూపాయలు అడిగి చూడండి, ఎంతమంది మిగులుతారో తెలుస్తుంది.

మూడోది మనకు సంబంధించింది. ఆ పని మనకు చేతనవునా? పట్టు రైతుకు శుభ్రత, వేడి, తేమ, ఆకు, టైము ప్రకారం మేత అనేవి ఒంటబట్టిన విద్యలు. వాటికి దగ్గరగా ఉన్న సమస్యను పట్టుకుంటే పట్నం నుంచి వచ్చిన ఏ పెట్టుబడిదారుడికన్నా మీరే ముందుంటారు.

*ఒక లెక్క వేసి చూద్దాం*

మీ పక్క ఊళ్లలో చాకీ పురుగు సరిగా అందడం లేదని గ్రూపులో తరచూ వస్తోందనుకోండి. చాకీ కేంద్రం పెట్టాలని మీ అబ్బాయికి ఆలోచన వచ్చింది. కాగితం తీసుకోండి. ఇవి లెక్క కోసం మేము అనుకున్న అంకెలు, మీ ఊరివి మీరు వేసుకోండి.

ఊళ్లో 30 మంది రైతులు. ఒక్కొక్కరు పంటకు 150 గుడ్లు, ఏడాదికి 6 పంటలు. అంటే 27,000 గుడ్లు. గుడ్ల ధర, ఆకు, కూలి, కరెంటు, మందులు అన్నీ పోను వంద గుడ్లకు మీకు 300 రూపాయలు మిగులుతుందనుకుందాం. ఏడాదికి 81,000. నెలకు 6,750. ఊరంతా మీ దగ్గరే తీసుకుంటేనే ఇది. సగం మంది పాత కేంద్రానికే పోతే నెలకు 3,375.

ఇప్పుడు విషయం తేటపడింది కదా. ఒక్క ఊరి గోడుతో చాకీ కేంద్రం నిలబడదు. నాలుగైదు ఊళ్లు కావాలి. నాలుగైదు ఊళ్లు కావాలంటే బ్యాచ్‌లు ఒకదాని వెనక ఒకటి సర్దాలి, వాటికి తగ్గ చాకీ తోట ప్రత్యేకంగా ఉండాలి, రాత్రి చల్లబడ్డాక పురుగును చేర్చే బండి ఉండాలి. పెద్ద పురుగుకు వేసే ముదురు ఆకుతో చాకీ నడిపిద్దాం అనుకుంటే మొదటి నెలలోనే పేరు పోతుంది. ఇంకొకటి: గుడ్ల ఉత్పత్తిదారులతో పాటు చాకీ సాకేవాళ్లు కూడా సెంట్రల్ సిల్క్ బోర్డు చట్టం కింద 2010లో వచ్చిన విత్తన నిబంధనల ప్రకారం రిజిస్టరు చేయించుకోవాలి. పేరు నమోదు లేకుండా మొదలుపెట్టి, ఒక బ్యాచ్ చెడిపోయాక రైతులంతా మీ గుమ్మం ముందు నిలబడితే జవాబు చెప్పుకోలేరు.

ఈ లెక్క చూసి వద్దనుకున్నా నష్టం లేదు. కాగితం మీద వద్దనుకోవడానికి ఖర్చు ఏమీ లేదు. షెడ్డు కట్టాక వద్దనుకుంటే మాత్రం లక్షలు.

దీనికన్నా చిన్నగా మొదలుపెట్టగలిగే పని షెడ్డు శుద్ధి. కూలీల కొరత అన్ని ఊళ్లలోనూ ఉంది. పంటకూ పంటకూ మధ్య షెడ్డు, స్టాండ్లు, చంద్రికలు కడిగి, 2 శాతం బ్లీచింగ్ పౌడరు ద్రావణంలో 0.3 శాతం సున్నం కలిపి కొట్టాలని మనందరికీ తెలుసు. తెలిసినా టైము లేక, మనుషులు లేక పైపైన కానిచ్చేస్తాం. ఇద్దరు కుర్రవాళ్లు, ఒక పవర్ స్ప్రేయరు, ఒక మోపెడ్ ఉంటే షెడ్డుకు ఇంత అని తీసుకుని ఈ పని చేయొచ్చు. ఒక పంట సీజనంతా చేసి చూస్తే జనం రెండోసారి పిలుస్తారా లేదా తెలిసిపోతుంది.

కాకపోతే ఇందులో ఒక ముల్లు ఉంది. రోగం తగిలిన షెడ్డులోంచి వచ్చిన అదే చెప్పులతో, అదే పైపుతో ఇంకో షెడ్డులోకి పోతే శుద్ధి చేసేవాడే రోగాన్ని ఊరంతా మోసుకెళ్తాడు. ప్రతి షెడ్డు దగ్గరా కాళ్లూ చేతులూ, సామానూ శుద్ధి చేసుకోవడం, రోగం ఉన్న షెడ్డును రోజులో ఆఖరున పెట్టుకోవడం, పురుగు మేస్తున్న షెడ్డులోకి అడుగుపెట్టకపోవడం అనే కట్టుబాటు లేనివాళ్లు ఈ పనికి దిగకూడదు. రైతు డబ్బు కట్టేది ఆ కట్టుబాటుకే.

*బెంగళూరు చెత్త, మన ఎరువు*

ఇప్పుడు ఊరి నుంచి పట్నం వార్తల్లోకి వద్దాం. 2012లో బెంగళూరు చెత్త సమస్య దేశమంతా తెలిసింది. నగరం చెత్తంతా తెచ్చి పోస్తున్నారని మావళ్లిపుర జనం ఎదురు తిరిగారు, అక్కడ డంపింగ్ ఆగింది, వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. ఆ అక్టోబరు నుంచి తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరుచేయాలన్న నిబంధన వచ్చింది. అయితే ఇంట్లో వేరుచేసిన తడి చెత్తను ఏం చేయాలి? పూనమ్ బిర్ కస్తూరి అనే డిజైనర్ 2006లోనే డైలీ డంప్ పేరుతో ఇంట్లో పెట్టుకునే మట్టి కంపోస్టు కుండలు అమ్మడం మొదలుపెట్టారు. నగరానికి ఆ అవసరం పూర్తిగా అర్థమయ్యేనాటికి ఆమె దగ్గర ఆరేళ్ల అనుభవం ఉంది. సమస్య పేపరు మొదటి పేజీకి ఎక్కాక అందరూ చూస్తారు. జిల్లా పేజీలో మూల ఉన్నప్పుడే చూసినవాళ్లకు నేర్చుకునే టైము దొరుకుతుంది.

మనకు ఇందులో ఏముంది? మిద్దె తోటలు. బెంగళూరులో మిద్దె మీద కూరగాయలు పండించేవాళ్లు చాలామంది. "ఊట ఫ్రమ్ యువర్ తోట" అని వాళ్లకు సంతలు కూడా జరుగుతాయి. వాళ్ల గోడు ఏమిటంటే నమ్మకమైన ఎరువు చిన్న సంచుల్లో దొరకదు. మన గోడు ఏమిటంటే పురుగు రెట్ట, మిగిలిన ఆకు, కొమ్మలు షెడ్డు వెనక కుప్ప పడి ఈగలు ముసురుతాయి. ఈ రెండు గోడులూ ఒకదానికొకటి జవాబు.

అయితే పచ్చి రెట్టను సంచిలో నింపి అమ్మితే ఒక్కసారే అమ్ముతారు. రెట్టలో రోగకారకాలు ఉంటాయి, వేడి ఉంటుంది. గుంతలో సరిగా కుళ్లబెట్టి, వానపాములతో ఎరువు చేసి, జల్లెడ పట్టి, ఆరబెట్టి అమ్మాలి. మీ సొంత మల్బరీ తోటకైనా పచ్చిది వేయకూడదనే కదా శాస్త్రవేత్తలు చెప్పేది. వర్మీకంపోస్టు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తుంది కాబట్టి, బ్రాండు పేరుతో సంచులు అమ్మబోయే ముందు మండలంలో లేదా తాలూకాలో వ్యవసాయ అధికారిని కలిసి అనుమతులు, నాణ్యత పరీక్షల సంగతి కనుక్కోవాలి. ఇంకో మాట: ఎరువు బరువు ఎక్కువ, ధర తక్కువ. రవాణా ఖర్చు తినేస్తుంది. దొడ్డబళ్లాపుర, విజయపుర, హోసూరు చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కుదిరేది ధర్మవరం వాళ్లకు కుదరకపోవచ్చు. గూళ్లు వేసుకుని ఎలాగూ మార్కెట్టుకు పోయే బండిలో పది సంచులు వేసుకుపోవడంతో మొదలుపెట్టొచ్చు.

*చెరువుకు నీళ్లొచ్చిన వార్త*

ఈ వార్తను మనవాళ్లు సంబరంగా పంచుకుంటారు, అక్కడితో ఆపేస్తారు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. కోరమంగళ, చల్లఘట్ట లోయల పేరుతో అది కేసీ వ్యాలీ పథకం అయింది. హెబ్బాళ, నాగవార లోయల నీళ్లు చిక్కబళ్లాపురం వైపు పోతున్నాయి. ఆ నీటిని ఇంకో దశ శుద్ధి చేయాలని అక్కడి జనం గట్టిగానే అడుగుతున్నారు, అడగాల్సిందే. మన ఆంధ్ర వైపు చూస్తే హంద్రీ నీవా కాలువ కుప్పం దాకా వచ్చింది. 2025 ఆగస్టులో అక్కడ కృష్ణా నీళ్లకు హారతి ఇచ్చారు.

చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పెరుగుతాయి. బోరులో నీళ్లుంటే వదిలేసిన తోటలు మళ్లీ లేస్తాయి, కొత్తవాళ్లు మల్బరీ వేస్తారు. వాళ్లకు ముందు కావలసింది నారు. ఐదు, మూడు అడుగుల జంట సాళ్లు, మొక్కకూ మొక్కకూ రెండు అడుగులు అన్న పద్ధతిలో ఎకరాకు సుమారు 5,400 మొక్కలు పడతాయి. పది ఎకరాలకే 54,000. వి-1 లాంటి మంచి రకం నారు మూడు నాలుగు నెలలు ముందు కొమ్మలు నాటితే గాని చేతికి రాదు. నీళ్లొచ్చాక నారు వెతికేవాళ్లు వందమంది, నీళ్లొస్తాయన్న వార్త చదివి నారు పోసేవాళ్లు ఇద్దరు ముగ్గురు.

ఇక్కడా ఒక మెలిక చూసుకోండి. మల్బరీ ఒకసారి నాటితే పదిహేనేళ్లు ఉంటుంది. అంటే నారు గిరాకీ ఒకటి రెండు సీజన్లదే. కాలువ నీళ్లు మాటిచ్చిన నెలలో రావు, అది మనకు అలవాటే. కాబట్టి దానికోసం పొలం కౌలుకు తీసుకుని అప్పు చేయడం మాకు సరిగా తోచదు. కత్తిరింపులో మీ తోటలోనే వచ్చే మంచి కొమ్మలతో ఒక పది సెంట్లలో పోసుకుంటే, అమ్ముడుపోతే ఆదాయం, పోకపోతే మీ గట్ల మీద నాటుకోవచ్చు.

*గోడు నిజమే, అయినా నిలబడలేదు*

అన్నీ గెలిచిన కథలే చెప్తే మీరు నమ్మరు. బెంగళూరులోనే 2020లో రేషమండి అనే సంస్థ మొదలైంది. గూళ్ల రైతు నుంచి నేతగాడి దాకా గొలుసంతా ఒకే యాప్‌లోకి తేవాలన్నది వాళ్ల ఆలోచన. రైతుకు ధర తెలియదు, రీలర్‌కు నాణ్యత మీద నమ్మకం లేదు, చేతికి డబ్బు ఆలస్యం. వాళ్లు పట్టుకున్న గోడు నూటికి నూరు పాళ్లు నిజం. 2021లో పెద్ద పెట్టుబడులు కూడా వచ్చాయి. 2024 నాటికి అప్పులు, డబ్బు కటకటతో ఆ సంస్థ పేరు వేరే రకం వార్తల్లోకి ఎక్కింది.

లోపల ఏం జరిగిందన్నది ఆ లెక్కలు చూసినవాళ్లు చెప్పాలి. బయటి నుంచి మనం తీసుకోదగ్గది ఏమిటంటే, సమస్య నిజమైనంత మాత్రాన వ్యాపారం నిలబడదు. గూళ్ల వ్యాపారంలో ఇవాళ కొన్న ధర వారంలో మారిపోతుంది. సరుకు చేతిలో పెట్టుకున్నవాడు ఆ ఊపును తట్టుకోవాలి. అరువు ఇచ్చేవాడికి తిరిగి రాబట్టే దారి ఉండాలి. అందుకే మేము కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, గూళ్లు కొని అమ్మే పనికన్నా సేవ చేసి కూలీ తీసుకునే పని ముందు చూడమంటాం. శుద్ధి, రవాణా, చాకీ, నారు లాంటివి. ధర పడిపోయిన రోజు కూడా షెడ్డు కడగాల్సిందే, పురుగు తెచ్చుకోవాల్సిందే.

ఇంకొక రకం వ్యాపారం గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. ఊళ్లో రోగం పడ్డప్పుడు పేరు లేని మందు సీసాలు దిగుతాయి. ధర పడ్డ రోజు మార్కెట్టు బయట తక్కువకు తూకం వేసుకునేవాళ్లు వస్తారు. వాళ్లూ గోడును చూసే వచ్చారు, సందేహం లేదు. పక్కవాడి పంట పోతేనే మీకు లాభం వచ్చేలా ఉంటే ఆ పని ముట్టుకోకండి. ఊళ్లో మొహం చూపించుకోవాలి, రేపు మీ కొమ్మలు కోయడానికి చేయి సాయం వచ్చేదీ వాళ్లే.

*ఈ నెలలో చేయదగ్గది*

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. గ్రూపులో, పేపర్లో, మార్కెట్టులో వేలం అయ్యేదాకా కూర్చున్నప్పుడు వినపడిన గోడు రాసుకోండి. తేదీ, ఊరు, ఎవరికి ఇబ్బంది, ప్రస్తుతం ఏం చేసి గడుపుకుంటున్నారు, ఎంత ఖర్చయింది. పేర్లు అక్కర్లేదు. రెండు పంటల కాలం రాస్తే ఏది మళ్లీ మళ్లీ వస్తోందో కంటికి కనపడుతుంది. ఇంట్లో ఆడవాళ్లను కూడా రాయమనండి. పడక మార్చేది, రోగం పురుగు మొదట ఏరేది వాళ్లే కాబట్టి షెడ్డులో అసలు ఇబ్బంది ఎక్కడుందో వాళ్లకే ముందు తెలుస్తుంది. మగవాళ్ల పుస్తకంలో ధరలు ఎక్కువ, ఆడవాళ్ల పుస్తకంలో పనులు ఎక్కువ ఉంటాయని మా అంచనా.

ఏదైనా ఒకటి గట్టిగా తోస్తే, పెట్టుబడి పెట్టకముందు ఐదుగురిని అడగండి. మంచి మాటలు చెప్పే బంధువులను కాకుండా, ఆ ఇబ్బంది నిజంగా పడుతున్నవాళ్లను అడగండి. పోయినసారి ఏం చేశారు అని అడగండి, వచ్చేసారి ఏం చేస్తారు అని అడగకండి.

చాకీ, శుద్ధి, మేలుపురుగుల పౌచుల మీద శిక్షణ కోసం ఆంధ్ర వైపు వాళ్లు హిందూపురం దగ్గర కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థను, కర్ణాటక వైపు వాళ్లు బెంగళూరు తలఘట్టపురలోని సంస్థను, మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థను అడగొచ్చు. చాకీ రిజిస్ట్రేషను కాగితాల సంగతి మీ పట్టు పరిశ్రమ శాఖ టెక్నికల్ ఆఫీసులో చెప్తారు. పోయేటప్పుడు ఆ నోటు పుస్తకం వెంట తీసుకుపోండి. "ఏదైనా స్కీము ఉందా సార్" అని అడిగేవాళ్లను వాళ్లు రోజూ చూస్తారు. "మా నాలుగు ఊళ్లలో రెండు పంటల కాలంలో ఇన్నిసార్లు ఈ ఇబ్బంది వచ్చింది, ఇంత ఖర్చవుతోంది" అని లెక్క చూపించేవాళ్లకు కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడతారు.